పొగగొట్టం

తుప్పు పట్టిన బోల్టుకు మనిషి మీద ఏం పగ ఉంటుందో గాని, స్పానరు తగిలించి బలం పెట్టిన ప్రతిసారీ అది ఇంకాస్త బిగుసుకుంటున్నట్టే ఉంది. ఇంటి ముందు సిమెంటు గచ్చు మీద గోనెపట్టా పరుచుకుని, కారు కింద వెల్లకిలా పడుకున్న హృషీకేశ్ ముఖం మీదికి ఎర్రటి రజను రాలింది. కళ్ళు మూసుకుని, ఉఫ్ఫుమని ఊది, మళ్ళీ తెరిచాడు. సైలెన్సరు పాడైతే కారును మెకానిక్కుకు అప్పజెప్పి, ఆదివారం పూట కాలు మీద కాలేసుకుని కాఫీ తాగే బుద్ధిమంతులు తిరుపతి నిండా ఉన్నారు. ఇతను ఆ జాతి కాదు. చేసేది దేవస్థానం ఆఫీసులో గుమాస్తా ఉద్యోగమే గాని, ఇంట్లో కుళాయి కారినా, మిక్సీ మూలిగినా తన చెయ్యి పడితే తప్ప బాగుపడదని గట్టి నమ్మకం. ఫోనులో వీడియోలు చూశాడు, కొత్త సైలెన్సరు తెచ్చాడు, పక్కింటి ఏబెల్‌ను అడిగి జాకీ తెచ్చుకున్నాడు, కారును పైకెత్తి కింద మందపాటి చెక్క దిమ్మెలు పేర్చాడు, దూరాడు. దూరేముందు ఇదెంత పని, ఇట్టే అయిపోతుందని భార్య ముందు కోతలు కూడా కోశాడు.

కారు కింద పడుకున్నవాడికి లోకమంటే పాదాలే. ముందుగా ఏబెల్ నల్ల బూట్లు వచ్చి నిలబడ్డాయి, చర్చికి పోవడానికి తళతళలాడేట్టు తుడిచినవి.

"ఏంబ్బా హృషీ, ఆదివారం గూడా కారు కిందే దూరినావే! ఆ దేవుడే ఏడో రోజు పని మానుకున్నాడు."

"సాయంత్రానికి జాకీ ఇచ్చేస్తా ఏబెల్."

"దానికేముందిలేప్పా, ఉండనీ. ఆ సద్దు ఒక్కటి ఆపితే సాలు. పొద్దున్నే నువ్వు కారు తీసినావంటే మా పాప నిస్సీ ఎత్తుకున్న పాట యాడుండాదో నాకే తెలీడంలే."

బూట్లు నవ్వుకుంటూ వెళ్ళిపోయాయి. తర్వాత భార్య కమలిని పాదాలు వచ్చాయి. ముగ్గు తొక్కకుండా పక్కకు తప్పుకుని, కుళాయి దగ్గర ఆగి, బిందె నిండేదాకా కదలకుండా నిలబడ్డాయి. ఈ మధ్య ఆమె నడక మారింది. ఇదివరకు మెట్టెలు టకటకలాడించుకుంటూ ఇల్లంతా తిరిగేది. ఇప్పుడు లోపల నిండుగా ఉన్నదేదో తొణకకూడదన్నట్టు అడుగు తీసి అడుగు వేస్తోంది. బిందె ఎత్తలేదు, అత్తగారు వచ్చి తీసుకుపోతారు, ఇంట్లో ఇప్పుడదే చట్టం. ఆ పాదాలను చూసి కారు కింద హృషీకేశ్ ఒక్కడే నవ్వుకున్నాడు. పాపం, ఆ పొద్దుకు అతని ముఖాన ఉన్న ఆఖరి నవ్వు అదే.

బోల్టు మీద తుప్పు వదిలించే నూనె చల్లి, అది నానేదాకా చేతులు ఛాతీ మీద పెట్టుకుని ఎదురుచూశాడు. సద్దు. అవును, అంతా ఆ సద్దుతోనే మొదలైంది. బడులు తెరిచిన కొత్తల్లో ఒకరోజు, టీచరు ఉద్యోగం చేసే కమలినిని వడమాలపేట బడి దగ్గర దింపడానికి పోతూ ఉంటే, రాత్రికి రాత్రి ఎవరో వేసిన స్పీడ్ బ్రేకరు, దానికి రంగు లేదు, ముందొక బోర్డు లేదు, కారు ఎగిరిపడింది, అడుగున ఏదో ఫట్‌మంది. కమలిని అయ్యో అంది. ఆ క్షణం నుంచి కారు కాస్తా ట్రాక్టరై కూర్చుంది. వీధి మలుపు తిరగ్గానే కుక్కలు లేచేవి, ఆఫీసు గేటు దగ్గర వాచ్‌మన్ నవ్వు దాచుకునేవాడు. పరువు పోతోందని ఒక సాయంత్రం కిందికి దూరి చూస్తే, రెండు గొట్టాలు కలిసే అతుకు పగిలి నోరు తెరుచుకుని ఉంది. అమ్మ దాచుకున్న నెయ్యి డబ్బా ఒకటి కత్తిరించి, ఆ రేకు చుట్టి, ఇనుపతీగతో బిగించి, కారు స్టార్ట్ చేశాడు. సద్దు సగానికి సగం తగ్గింది. తన తెలివికి తానే మురిసిపోయి, అమ్మనూ భార్యనూ బయటికి పిలిచి మరీ వినిపించాడు. ఎన్నాళ్ళో గడవకుండానే అది మళ్ళీ గొంతెత్తింది. ఆషాఢం పోనీ, ఆఫీసులో ఆడిట్ పోనీ, ఈ వానలు కాస్త తగ్గనీ అని జరుపుకుంటూ వచ్చాడు. సద్దే కదా, చెవులు అలవాటు పడ్డాయి. సైలెన్సరంటే సద్దు ఆపేది. పేరులోనే ఉంది. ఆ పని అది ఎంతో కొంత చేస్తున్నప్పుడు తొందరేముంది?

వంటింట్లోంచి బెల్లం పాకం వాసన వచ్చింది. అమ్మ చలిమిడి చేస్తోంది, కోడలికి కడుపు చలవ అని. పుట్టింటివాళ్ళు పెట్టాల్సిన చలిమిడి అది; కమలినికి తల్లి లేదు గనక, ఆ తల్లీ నేనే అని అత్తగారు అమృతవల్లి ముందురోజే బియ్యం నానబోసుకుంది. ఇన్నేళ్ళ కాపురంలో ఈ ఇంట చలిమిడి చెయ్యడం ఇదే మొదలు. ఇన్నేళ్ళూ మందుల షాపులో తెచ్చిన తెల్లటి పుల్ల మీద గీతలు చూసుకోవడంతోనే సరిపోయింది. ఎప్పుడు చూసినా ఒక గీతే. రెండో గీత కోసం కమలిని కిటికీ దగ్గరికి పోయి, వెలుతురులో తిప్పి తిప్పి, చివరికి ఆ పుల్లను కాగితంలో చుట్టి చెత్తబుట్ట అడుగుకు తోసేది. మొన్నటిసారి తోసి వచ్చి అంది, ఆ పుల్ల చూస్తేనే నిలిచింది గూడా పోతావుండాది, ఇంకోసారి చూడనే చూడను అని. నెలలు ఎప్పుడూ సక్రమంగా రాని ఒళ్ళు ఆమెది. తప్పిందనీ చెప్పలేరు, తప్పలేదనీ చెప్పలేరు. కానీ ఈసారి వేవిళ్ళు వచ్చాయి. పొద్దున బడికి పోతుంటే కారులో తల తిరగడం, కడుపులో దేవడం, తనపల్లి దాటేసరికి కారు ఆపించి రోడ్డు పక్క మైలురాయి పట్టుకుని కూర్చోవడం. ఆ సంగతి ఇంటికొచ్చి చెప్పిన రోజు అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. కోడలి గడ్డం పట్టుకుని, ముఖం వెలుతురుకు తిప్పి చూసి, పోయి దేవుడి ముందు దీపం పెట్టింది. వచ్చే శ్రావణ శుక్రవారం తిరుచానూరు అమ్మవారికి చీర పెట్టుకుని, అట్నుంచి అటే డాక్టరమ్మ దగ్గరికి పోవాలని అత్తాకోడళ్ళ ఒప్పందం. అంతవరకూ పుల్లలు లేవు, పరీక్షలు లేవు, చలిమిడి మాత్రం ఉంది. పైగా అమ్మ ఒక వింత కనిపెట్టింది. ఆదివారం తల తిరగదు. రెండో శనివారం తిరగదు. వాన పడి బడికి సెలవిస్తే తిరగదు. "బడికి సెలవైతే నా మనవడికీ సెలవే! వాళ్ళమ్మ మాదిరే అయివారు ఉద్యోగం చేసేటట్టుండాడు!" అని వీధిలో కనబడినవాళ్ళకల్లా చెప్పింది. అందరూ నవ్వారు. హృషీకేశ్ అందరికంటే గట్టిగా నవ్వాడు.

బోల్టు చివరికి కిర్రుమంటూ కదిలింది. రెండోది ఇంకాస్త తేలిగ్గా వచ్చింది. మూడోది వదల్లేక వదల్లేక తల తెగి చేతిలోకి వచ్చింది. రబ్బరు రింగుల్లోంచి పాత సైలెన్సరును ఊడలాగి పక్కకు దొర్లించాడు. నెయ్యి డబ్బా రేకు సగం కాలిపోయి, దాని మీద ఆవుబొమ్మ మసిబారి, ఇంకా గొట్టాన్ని కావలించుకునే ఉంది. అప్పుడే లోపల్నుంచి అమ్మ కేకేసింది.

"ఒరే హృషీ, ఆ పొగగొట్టం బిగించేది ఇంకా కాలేదా? చలిమిడి అయిపోయిండాది, కమలిని చీర గూడా మార్చుకునింది!"

పొగగొట్టం. నాయన మాట అది. నాయన రంగరాజు కాణిపాకానికి టాక్సీ తోలిన రోజుల్లో ఈ ఇంట్లో సైలెన్సరు అనే మాటే లేదు. నాయన పోయాక ఆ మాట అమ్మ నోట్లోనే మిగిలింది, మిగతావాళ్ళకు నవ్వులాట. ఎన్నిసార్లు విన్నాడో. ఈసారి మాత్రం అది చెవిలో పడి, లోపలికి పోకుండా అక్కడే నిలబడింది. పొగ గొట్టం. గొట్టం పగిలితే సద్దు వస్తుంది, సరే. పొగ? ఇన్నాళ్ళూ ఆ పొగ ఎటు పోయింది? ఏదో కనబడుతుందని కాదు, ఊరికే తల తిప్పాడు. అతుకు పగిలిన చోటు నుంచి కారు అడుగు రేకు మీద నల్లటి చార ఒకటి ఉంది, కట్టెల పొయ్యి వెనక గోడకు పట్టే మసి లాంటిది. అది వెనక్కి పోలేదు. పక్కకు పోయింది, ఎడమవైపుకు, ముందు సీటు కిందికి. అక్కడ రేకులో గుండ్రటి రంధ్రం ఒకటుంది, రూపాయి బిళ్ళ కంటే కాస్త పెద్దది. దాని అంచు చుట్టూ మసి మరీ దట్టంగా పేరుకుంది. చూపుడువేలు దూర్చాడు. మెత్తగా తగిలింది. కారు లోపల పరిచిన పట్టా. వేలితో పొడిస్తే పైకి లేచింది, వదిలితే కిందికి దిగింది. కమలిని చెప్పులు విడిచి కాళ్ళు పెట్టుకునే చోటు అది.

ఈ రంధ్రం ఎక్కణ్ణుంచి వచ్చిందని బుర్ర బద్దలు కొట్టుకోవలసిన పని కూడా లేదు. తల పక్కనే ఉన్న సామాన్ల డబ్బాలో, మేకులూ వాషర్ల నడుమ, దాని జవాబు ఉంది. నల్లటి రబ్బరు బిరడా. ఎన్నిసార్లు చేతికి తగిలిందో! ఏ వస్తువుదో గుర్తురాక, ఎప్పటికైనా పనికొస్తుందిలే అని మళ్ళీ అందులోనే పడేసేవాడు. ఇప్పుడు గుర్తొచ్చింది. తిరుపతి వీధులన్నీ ఏరులైపోయిన ఆ నవంబరు. సీట్ల దాకా మునిగిన ఈ కారు తలుపు తెరిస్తే లోపల బురద, బురదలో వేలెడంత చేప ఒకటి కొట్టుకుంటూ. ఆ రోజు కూడా ఇతను మెకానిక్కును పిలవలేదు మరి. తానే పట్టాలెత్తి, అడుగున ఉన్న బిరడాలన్నీ పీకి, నీళ్ళు కిందికి వదిలేసి, ఎండబెట్టి, మళ్ళీ అన్నీ పెట్టాడు. అన్నీ కాదు, ఒకటి మిగిలింది. మిగిలిందని చూశాడు, పట్టాలు పరిచేశాక ఇప్పుడెవడు ఎత్తుతాడని డబ్బాలో వేశాడు. కమలిని మోకాళ్ళ దాకా చీర ఎగ్గట్టి, చెంబుతో బురద తోడుతూ, "చూడండి, మన కారు కడుపులో చేప పడింది" అని పడీ పడీ నవ్వింది. ఆ నవ్వు వినబడుతుంటే హృషీకేశ్ బిరడాను పిడికిట్లో పట్టుకుని కదలకుండా పడుకున్నాడు.

ఇంక బస్సులో కుదుపులు వద్దని అమ్మ అన్నప్పుడు, రోజూ నేనే దింపుతానులే అని ముందుకొచ్చింది తాను. దుమ్ము పడదని అద్దాలు ఎక్కించింది తాను. బయటి గాలి లోపలికి రాకుండా ఆ బటన్ నొక్కింది తాను. మైలురాయి దగ్గర వాంతి చేసుకుని, ముఖం కడుక్కుని వచ్చి కూర్చుంటే, పాపం ఉక్కపోస్తోందేమోనని ఏసీ ఇంకాస్త పెంచి, సీటు వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి పీల్చుకో కమలీ అని చెప్పింది కూడా తానే. ఆమె పీల్చుకుంది. చెప్పినట్టల్లా చేసింది. ఆమెను దింపేశాక, ఒక్కడికి ఏసీ ఎందుకు దండగని నాలుగద్దాలూ దించేసుకుని, గాలికి జుట్టు ఎగురుతుంటే హాయిగా తిరిగొచ్చినవాడూ తానే. తనకూ అప్పుడప్పుడు తలనొప్పి వచ్చేది, ఆఫీసు కంప్యూటరును తిట్టుకుని మాత్ర వేసుకునేవాడు. మరి వాసన? వాసన రాలేదా? వచ్చింది. ఒకరోజు ఆమే అడిగింది, ఏందో కాలిన వాసన మాదిరి వస్తాందే అని. వేవిళ్ళప్పుడు అన్నీ వాసనే కొడతాయిలే అన్నాడు. ఎంత తెలిసినవాడిలా అన్నాడు, ఏదో పదిమందిని కని పెంచినట్టు! ఆమె సిగ్గుపడి నవ్వి, అవునేమో అంది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు తన చెంప తానే వాయించుకోవాలనిపించింది.

ఆదివారం తల తిరగదు, ఎందుకంటే ఆదివారం కారెక్కదు. వీధంతా నవ్విన మాటలో అంత పచ్చిగా ఉన్న నిజం ఒక్కరికీ కనబడలేదు. కనబడాలని ఎవరికీ లేదు. అయితే ఆ వేవిళ్ళు పొగ. అమ్మ దీపం పెట్టింది పొగకు. నా మనవడు అని పిలిచింది పొగను. అంతలోనే ఇంకో ఆలోచన వచ్చింది, దీన్ని మించినది. ఒకవేళ నిజంగానే ఉంటే? పొగ పొగే, బిడ్డ బిడ్డే అయితే? ఆ గింజంత ప్రాణానికి, తలుపులన్నీ మూసి, ఇంత జాగ్రత్తగా, రోజూ తానే పొగ పట్టాడు కదా? లేకపోతే బాగుండును అనుకున్నాడు. అనుకున్నాక గాని తెలియలేదు తాను అనుకున్నదేమిటో. కొండ మీద, కొండ కింద, మొక్కని దేవుడు లేడు ఇన్నేళ్ళుగా. ఆ మనసుతోనే ఇప్పుడు బిడ్డ లేకుండా ఉంటే బాగుండునని కోరుకుంటున్నాడు. వెల్లకిలా పడుకుని ఏడిస్తే కన్నీళ్ళు చెవుల్లోకి పోతాయి. తుడుచుకుందామంటే చేతుల నిండా మసి.

ఆ తర్వాత అతని బుర్ర ఒక పాడు దారి పట్టింది, దాచిపెట్టడమెందుకు. బిరడా చేతిలో ఉంది. కొత్త సైలెన్సరు పక్కన ఉంది. రెండూ పెట్టేస్తే అయిపోయింది. రేపట్నుంచి తల తిరగదు, వాంతి రాదు. కొన్నాళ్ళకు ఎవరో ఒకరు అంటారు, నిలవలేదమ్మా అని. అమ్మ ఏడుస్తుంది, కమలిని ఏడుస్తుంది, వాళ్ళతోపాటు తానూ ఏడవవచ్చు. పాత ముక్క తుక్కువాడు పట్టుకుపోతాడు. ఎంత సులభం, ఎంత సద్దు లేకుండా జరిగిపోతుంది! కానీ ఆ రాత్రి గోడవైపు తిరిగి పడుకుని కమలిని ఏమనుకుంటుందో అతనికి తెలుసు. మొన్నటి ఒంటి గీతప్పుడే అంది, హెడ్మాస్టరు ముందు తప్పు ఒప్పుకుంటున్న పిల్లలాగా తన ముందు నిలబడి అంది, "నా కడుపే అంతండీ, దాంట్లో ఏదీ నిలవదు" అని. అట్లనొద్దని తల నిమిరాడు. ఈసారి కూడా నిమురుతాడా, ఈ మసి చేతులతో? డబ్బాలో పడేసిన బిరడా తనది, చుట్టిన రేకు తనది, నొక్కిన బటన్ తనది. తప్పు మాత్రం ఆమె కడుపుది చేసి, పైగా ఓదారుస్తాడా? ఛీ, అనుకున్నాడు. పైకే అన్నాడు. చెప్పాలి. చెబితే ఆమె మొదట అడిగేది ఒక్కటే, మీకు ఎప్పట్నుంచి తెలుసు అని. దానికి రెండు జవాబులున్నాయి. ఈ పొద్దే తెలిసింది అనవచ్చు. అబద్ధమేమీ కాదు, రంధ్రం కనబడింది ఈ పొద్దే. గొట్టం పగిలిందని మాత్రం బడులు తెరిచినప్పటి నుంచీ తెలుసు. మొదటి జవాబు చెప్పినవాడిని ఆమె క్షమిస్తుంది. ఈ పొద్దే తెలిసింది, ఈ పొద్దే తెలిసింది అని నోట్లో రెండుసార్లు అనుకుని చూసుకున్నాడు, బాగానే పలికింది.

బిరడాను రంధ్రంలో పెట్టి బొటనవేలితో నొక్కాడు. సుళువుగా కూర్చుంది. నిమిషం పట్టని పని, ఇన్నేళ్ళు చెయ్యని పని. కొత్త గొట్టాన్ని రబ్బరు రింగుల్లోకి దూర్చి, కొత్త బోల్టులు ఒకదాని తర్వాత ఒకటి బిగించి, ఇంకా బిగించి, ఇక కదలవని తెలిశాక కూడా బిగించాడు. బయటికి వచ్చి దిమ్మెలు తీసి, స్టార్ట్ చేసి, మళ్ళీ వంగి అతుకు చుట్టూ చెయ్యి ఆడించి చూశాడు. ఎక్కడా వెచ్చటి గాలి తగల్లేదు. పొగ ఎక్కడి నుంచి రావాలో అక్కడి నుంచే, కారు వెనక నుంచే వస్తోంది. అమ్మ స్టీలు డబ్బాతో బయటికి వచ్చి, చెవి వాల్చి విని, మెచ్చుకోలుగా కొడుకు వంక చూసింది. "మీ నాయన చెయ్యే వచ్చిండాది నీకు" అంది. అంతకంటే తిట్టినా బాగుండేది. కమలిని అప్పటికే ఎడమ సీటులో కూర్చుంది. వడమాలపేటలో ఉండే ప్రశాంతి టీచరుకు చలిమిడి ఇచ్చి రావాలని అత్తాకోడళ్ళు ఎప్పుడో అనుకున్నారట. "పంచితే మంచిది తల్లీ. నువ్వు గూడా ఒక ముద్ద తిను దారిలో" అని అమ్మ డబ్బాను ఆమె ఒడిలో పెట్టి, కొంగు సర్దింది. అమ్మ ముందు వద్దు, దారిలో చెబుతాను, తనపల్లి దాటాక చెబుతాను అనుకుంటూ నాలుగద్దాలూ దించి కారు తీశాడు.

"సద్దే లేదు కదండీ!" అని మురిసిపోయింది కమలిని. కొంతదూరం దాకా ఏవేవో చెప్పింది, బడిలో పిల్లల గురించి, ప్రశాంతి గురించి. తనపల్లి దాటింది. మైలురాయి వచ్చింది. ఆమె దానివైపు చూసింది, అది వెనక్కి పోయేదాకా తల తిప్పి చూసింది, తర్వాత మాటలు తగ్గించింది. అతను చెప్పలేదు. లారీ ఒకటి అడ్డం వచ్చింది, అది పోనీ అనుకున్నాడు. టోల్‌గేటు వచ్చింది, ఇది దాటనీ అనుకున్నాడు. ఇలా జరపడం అతనికి కొత్తా? వడమాలపేట వచ్చింది. ప్రశాంతి వాళ్ళ వీధి దగ్గర మలుపుకు సిగ్నలు వేశాడు.

"తిప్పద్దండి."

"ఏం?"

"ఇంకొంచెం దూరం పోనీండి."

పోనిచ్చాడు. కమలిని ఒక చెయ్యి డబ్బా మీద, ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకుని, ముందుకు చూస్తూ, లోపలినుంచి ఎవరైనా పిలుస్తారేమోనని చెవి ఒగ్గినట్టు కూర్చుంది. కాసేపటికి తన పక్క అద్దం తానే ఎక్కించింది.

"మీవైపు గూడా ఎక్కించండి. ఏసీ వెయ్యండి, రోజూ మాదిరి."

"ఎందుకు కమలీ?"

"వెయ్యండి. ఈ పొద్దు ఆదివారం గదా, అందుకే రాలేదేమో. ఇంకొంచెం దూరం పోతే వస్తాదేమో."

ఆమె వాంతి కోసం ఎదురుచూస్తోందని అప్పటిగ్గాని అతనికి తెలియలేదు. కారు రోడ్డు పక్కకు తీసి ఆపేశాడు. కారు కింద అంతసేపు పేర్చుకున్న మాటల్లో ఒక్కటీ గుర్తులేదు.

"రాదు కమలీ."

"ఏం రాదు?"

"తల తిరగడం. ఇంక రాదు." ఒకసారి మొదలుపెట్టాక ఆపలేదు. అతుకు, నెయ్యి డబ్బా రేకు, రంధ్రం, వరదలప్పటి బిరడా, అద్దాలు, బటన్. ఎక్కడా తనకు అనువుగా తిప్పుకోలేదు. ఆమె వింటూ వింటూ, పొట్ట మీది చెయ్యి మెల్లగా తీసి డబ్బా మీద పెట్టుకుంది.

"ఉంటే?" అంది చివరికి. "నిజంగా ఉంటే? దానికి గూడా పట్టుంటాది గదా ఆ పొగ?"

అతను అవునన్నట్టు తలూపాడు.

"మీకు ఎప్పట్నుంచి తెలుసు?"

ఈ పొద్దే అనే మాట నాలుక చివర సిద్ధంగా ఉంది, అంతసేపు సాధన చేసిన మాట. హృషీకేశ్ దాన్ని మింగాడు.

"పగిలిందని బడి తెరిచినప్పట్నుంచీ తెలుసు. సద్దే కదా అనుకున్నాను."

కమలిని ఏడవలేదు. సద్దే కదా, అని అతని మాటనే ఒకసారి తనలో తాను అనుకుంది. తలుపు తీసుకుని దిగింది. పుత్తూరు వైపు నుంచి తిరుపతి బస్సు ఒకటి వస్తోంది. ఆమె వంగి, చలిమిడి డబ్బాను తాను కూర్చున్న సీటులో పెట్టింది.

"అత్తమ్మకు మీరే చెప్పండి. నేను ఇంటికొచ్చేటప్పటికి చెప్పేసుండాల. ఆమె ముఖం చూసి నేను చెప్పలేను. శుక్రవారం దాకా ఆగేది లేదు, రేపు పొద్దున్నే డాక్టరమ్మ దగ్గరికి పోతాను. ఒక్కదాన్నే పోతాను."

"బస్సు వద్దు కమలీ, కుదుపు..." అనేశాడు. అలవాటుగా వచ్చేసిన మాట. సగంలో నోరు మూసుకున్నాడు గాని, ఆమె వినేసింది. అతని ముఖంలోకి ఒకసారి పూర్తిగా చూసింది, ఇన్నేళ్ళలో అలా ఎప్పుడూ చూడలేదు. రోడ్డు దాటి, చెయ్యెత్తి బస్సు ఆపింది. ఎక్కేటప్పుడు మునుపటిలా మెట్టెలు టక్కుమన్నాయి. తొణకకుండా మొయ్యవలసినది లేదన్నట్టు ఎక్కింది.

అతను కారు తిప్పుకుని బస్సు వెనకాలే పోయాడు. ముందుపోతున్న పాత బస్సు పొగ అంతా దించిన అద్దాల్లోంచి ముఖానికి కొడుతోంది. అయినా అద్దాలు ఎక్కించుకోలేదు. ఇలాగే ఇంటిదాకా బస్సు వెనక పోవచ్చు. ఎక్కడ ఆగితే అక్కడ ఆగుతూ, అది కదిలితే కదులుతూ. ఇంట్లో అమ్మ ఈపాటికి మిగిలిన చలిమిడి గిన్నెల్లో సర్ది, వీధిలో ఎవరెవరికి ఇవ్వాలో అనుకుంటూ ఉంటుంది. వరండాలో కుర్చీ వేసుకుని, రాగానే కోడలికి దిష్టి తియ్యాలని కూడా అనుకుంటూ ఉంటుంది. కమలిని చేరేసరికి ఆ దిష్టి పళ్ళెం లోపలికి పోయి ఉండాలి. అంటే బస్సును దాటాలి. తనపల్లి దగ్గర రోడ్డు ఖాళీ దొరికింది. హృషీకేశ్ కుడివైపుకు తీసి పోనిచ్చాడు. దాటుతూ తల ఎత్తి చూస్తే, బస్సు కుడి పక్క కిటికీలో కమలిని, కమ్మీకి నుదురు ఆనించి, కళ్ళు మూసుకుని, ముఖానికి తగులుతున్న గాలిని ఆబగా పీలుస్తోంది. కారు సద్దు చెయ్యకుండా బస్సును దాటింది. ఆమె కళ్ళు తెరవలేదు.